చేతులు లేవని పూట

మా పొయ్యికాడి ముచ్చట్లు – 9

పోయిన ఆదివారం పోస్టు రాలేదేమని చాలామంది అడిగారు. ఒక చెల్లెలు ఇన్‌బాక్స్‌లో "అక్కా, పరీక్షల డ్యూటీ పడ్డదా?" అని పెట్టింది. డ్యూటీ కాదు చెల్లె. వేళ్ళు మడత పడలేదు. ఫోన్ పట్టుకుంటే బొటనవేలి కణుపులో సూదులు గుచ్చినట్టుంది. ఈ పోస్టులో సగం ఫోన్‌కి నోటితో చెప్పి రాయించాను, మిగతా సగం నాలుగు రోజులు కొంచెం కొంచెం కొట్టాను. ఫోన్‌కి మా నల్గొండ యాస అర్థం కాక "గటక" అంటే "ఘటన" అని రాసింది. దిద్దగలిగినన్ని దిద్దాను.

ఇన్నాళ్ళూ ఇక్కడ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. ముప్పై ఒకటో ఏట తేలింది, ఇప్పుడు ముప్పై ఆరు. ఊళ్ళో కీళ్ళవాతం అంటారు గానీ, వయసు మీదపడి మోకాళ్ళు అరిగే జబ్బు వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొద్దున లేవగానే గంటా రెండు గంటలు చేతులు బిగుసుకుపోయి ఉంటాయి. జ్వరం వచ్చినట్టుంటుంది, థర్మామీటర్ పెడితే ఏమీ ఉండదు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా వడ్లు మోసినట్టుంటుంది. బయటికి మాత్రం ఏమీ కనబడదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. నేను పీరియడ్ లెక్కన డబ్బులు తీసుకునే లెక్చరర్ని. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ ఉంది, పర్మనెంటు పోస్టు లేదు. క్లాసు చెప్పిన రోజే కూలి. మా అమ్మ నాట్లకు పోయినా అంతే, పోయిన రోజే కూలి. ఇంతకుముందు పనిచేసిన కాలేజీలో ఒకసారి వరసగా మూడు రోజులు పోలేకపోయాను. నాలుగో రోజు స్టాఫ్ రూమ్‌లో నా వెనక ఒక మాట వినపడింది. "వీళ్ళకు సీట్లూ కావాలె, సెలవులూ కావాలె."

జబ్బు సంగతి అప్పటికి వాళ్ళకు తెలియదు. తెలిసినా ఆ "వీళ్ళు" మారేదని నాకు నమ్మకం లేదు. మన పిల్లలం రెండింతలు చేస్తే గానీ సగం మార్కులు పడవని తెలిసి పెరిగినవాళ్ళం. మన జాతి మీద సోమరితనం అనే నింద ఎంత పాతదో మీకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దు పొడవకముందు లేచి దొర పొలంలో దిగిన మనుషులను, గట్టు మీద గొడుగు కింద నిలబడినవాళ్ళు బద్ధకస్తులన్నారు. ఆ నింద నెత్తి మీద ఉన్న మనిషి "నాకు ఇవాళ చేతకాదు" అని నోరు తెరిచి చెప్పడం చాలా కష్టం. నేను ఐదేళ్ళు చెప్పలేదు. నొప్పుల గోలీ వేసుకుని, చాక్‌పీస్ పిడికిట్లో పట్టుకుని, బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసి నెట్టుకొచ్చాను.

ఇది పొయ్యి గురించిన సిరీస్ కాబట్టి, పొయ్యి ముందు నిలబడలేని రోజు ఏం తినాలో ఈసారి రాస్తాను. కానీ దానికి ముందు పోయిన వారం మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మంగళవారం పొద్దున అమ్మ నకిరేకల్‌లో బస్సెక్కింది. మా వైపు నుంచి వచ్చే బస్సులకు ఎల్‌బీ నగర్ వచ్చిందంటే పట్నం వచ్చినట్టే. ఎప్పుడూ నేనే పోయి తీసుకొస్తాను. ఆ రోజు మంచం దిగలేకపోయాను. "ఆటో పట్టుకొని రాయే, చైతన్యపురి అని చెప్పు" అన్నాను. వచ్చింది. వచ్చేసరికి నేను కుక్కర్ మూత తీయలేక, దాన్ని పొట్టకు ఆనించుకుని కుస్తీ పడుతున్నాను.

"జరుగు" అంది. సంచి కింద పెట్టింది. తెచ్చిన జొన్న రవ్వ కడిగి కుక్కర్లో పోసింది. చింతపండు నానేసింది. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను.

అప్పుడు చూశాను ఆమె చేతులు. కుక్కర్ మూతను వేళ్ళతో పట్టుకోలేదు. ముంజేతితో నొక్కి పట్టి, ఒంటిని పక్కకు తిప్పి బిగించింది. నల్లాను అరచేతి అడుగు భాగంతో తోసింది. చింతపండును వేళ్ళతో పిసకలేదు, గరిటె బోర్లించి గిన్నె అంచుకు ఒత్తింది. గిన్నెను చెవులు పట్టి లేపలేదు, కిందినుంచి రెండు అరచేతుల మీదా ఎత్తుకుంది.

ఇదంతా నాకు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ వాళ్ళు బొమ్మల కాగితం చేతిలో పెట్టి నేర్పించారు. చిన్న కీలు చేసే పనిని పెద్ద కీలుకు అప్పజెప్పాలి, వేలి పని మణికట్టుకు, మణికట్టు పని మోచేతికి. నేను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. అమ్మకు ఆ కాగితం ఎవరిచ్చారు?

"ఇట్ల చేసుడు నీకెట్ల తెలుసే అమ్మా?"

"తెలుసుడేంది? వేళ్ళు రాకుంటె మణికట్టుతోటి చేసుకోవాలె."

"నీకు వేళ్ళు రాకపోవుడేంది?"

"నాట్లకాలం వచ్చిందంటె గట్టిపడుతుండె. పొద్దుగాల కొంగు ముడేసుకుందామన్నా రాకపోవు. నువ్వు ఆరో తరగతి కాడ్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్తం బిడ్డా. చెప్తె కూలికి పిలుస్తరా?"

నేను మాట్లాడలేదు. కుక్కర్ కూతలు పెడుతోంది. నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్క పెట్టుకుంటున్నాను. మా ఇంట్లో గటక, పచ్చి పులుసు చేసే రోజులుండేవి. అన్నం వండే బియ్యం ఉన్నా గటకే చేసేది. నేను అలిగేదాన్ని. "పక్కోళ్ళింట్ల కూరొండిన్రు, మనింట్ల మళ్ళ గటకేనా" అని కంచం తోసేసిన రోజు ఒకటి బాగా గుర్తుంది. అమ్మ ఏమీ అనలేదు. రెండు చేతులూ వేడి గిన్నె చుట్టూ పెట్టుకుని కూర్చుంది. చలికి అనుకున్నాను.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పుకోవాలి. నా థీసిస్ దళిత స్త్రీల రచనల మీద. అందులో ఒక అధ్యాయం మొత్తం తిండి గురించే. కథల్లో గటక వచ్చిన ప్రతిచోటా నేను దాన్ని పేదరికానికి గుర్తుగా చదివాను. మన సాహిత్యంలో విందులకు కొదవ లేదు కదా. శ్రీనాథుడి "శృంగార నైషధం"లో పెళ్ళి విందును ఎంత ఇష్టంగా పాఠం చెప్తాం! అదే శ్రీనాథుడి పేరు మీద వాడుకలో ఉన్న చాటుపద్యాల్లో పల్నాటి జొన్నకూడు ఎగతాళి అయింది. ఆ ఎగతాళికి జవాబుగా మనవాళ్ళు తమ కథల్లోకి, కవిత్వంలోకి జొన్నను, గంజిని, ఎండు తునకలను తెచ్చారని రాశాను. అది ఇప్పటికీ నిజమే. కానీ ఆ గటక వండిన మనిషి ఒంట్లో ఆ రోజు ఎట్లా ఉందో నేను ఒక్కచోట కూడా అడగలేదు. మా ఇంట్లో నాలుగేళ్ళు జరిగిన దాన్ని నేను పేదరికం ఖాతాలో రాసి పెట్టుకున్నాను. అందులో సగం జబ్బు ఖాతాది.

బియ్యం కడిగి, గంజి వంచడానికి వేడి గిన్నెను వంచాలి. కూరకు కత్తిపీట ముందు కూర్చుని కోయాలి. నూరాలి, తిప్పాలి. గటకకు అవేమీ అక్కర్లేదు. పచ్చి పులుసుకు పొయ్యే అక్కర్లేదు. చేతులు లేవని పూట పిల్లల కడుపు ఎట్లా నింపాలో మా అమ్మ ఒక పద్ధతి కనిపెట్టుకుంది. దాన్ని నేను లేమి అనుకున్నాను.

ఇప్పుడు ఆ పద్ధతుల్లోకి వస్తాను. నాకు పనికొచ్చినవి, అమ్మవి కొన్ని, నావి కొన్ని.

ముందు శక్తి లెక్క. లూపస్ జబ్బున్న క్రిస్టీన్ మిజెరాండినో అనే అమెరికా ఆమె 2003లో "స్పూన్ల సిద్ధాంతం" అని ఒక వ్యాసం రాసింది. రోజుకు ఇన్ని స్పూన్ల శక్తే ఉంటుంది, స్నానానికి ఒకటి, వంటకు రెండు, అట్లా ఖర్చయిపోతుంది అని. మనకు స్పూన్లకంటే బిందెలు బాగా తెలుసు. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నాలుగు బిందెలు పట్టుకుంటే రెండు రోజులు వెళ్ళాలి. మొదటి పూటే బట్టలు ఉతికితే రెండో రోజు తాగడానికి ఉండదు. ఒళ్ళు కూడా అంతే. ఆదివారం బాగుంది కదా అని ఇల్లంతా కడిగితే సోమ, మంగళవారాలు బిందె ఖాళీ. బాగున్న రోజు అంతా వాడేయకుండా ఒక బిందె మిగల్చడం నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం.

ఇక తిండి.

లేవనే లేకపోతే: పల్చటి అటుకులు గిన్నెలో వేసి, పెరుగు, ఉప్పు వేసి పది నిమిషాలు వదిలేయండి. పైన వేయించిన పల్లీలు, నువ్వుల కారం. పొయ్యి లేదు, కత్తి లేదు. దాని పక్కన పుట్నాల పొడి. బాగున్న రోజు పుట్నాలు మిక్సీ పట్టి డబ్బాలో పెట్టుకుంటే, చేతకాని రోజు రెండు చెంచాలు మజ్జిగలో కలిపి తాగొచ్చు. పప్పు తిన్నంత బలం. హాస్టల్ గదిలో కూడా అవుతుంది.

కూర్చోగలిగితే: రాగి జావ. రెండు చెంచాల పిండిని అర గ్లాసు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్ళలో పోసి, సన్న మంట మీద ఐదారు నిమిషాలు. ఉప్పేసి, చల్లారాక మజ్జిగ. పొద్దున గోలీలు వేసుకునే ముందు నా కడుపుకు ఇదొక్కటే సరిపడుతుంది.

జొన్న గటక: గ్లాసు రవ్వ రాత్రే నానబెట్టాలి. పొద్దున నాలుగు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, ఐదారు కూతలు. ఒకసారి చేస్తే రెండు పూటలకు వస్తుంది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అంది. అప్పటినుంచి దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో మన జొన్న అద్దాల అల్మారాలోకి ఎక్కింది. నేను మాత్రం అమ్మ పంపిందే తింటాను.

పచ్చి పులుసు: నిమ్మకాయంత చింతపండును వేడినీళ్ళలో పావుగంట ఉంచితే పిసికే పని లేదు. టీ జల్లెడలో పోసి చెంచాతో ఒత్తాలి. ఉప్పు, జీలకర్ర పొడి, చెంచాడు నువ్వుల పొడి. పచ్చిమిర్చి, కొత్తిమీర కత్తెరతో కత్తిరించండి. ఉల్లిగడ్డ కోయలేకపోతే మానేయండి. పులుసేమీ అలగదు.

కరెంటు కుక్కర్: ఇంట్లో ఒక్క వస్తువు కొనగలిగితే ఇది కొనండి. మూత తేలిగ్గా లేస్తుంది, పక్కన నిలబడక్కర్లేదు. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, చేత్తో తుంచిన పాలకూర, కోయకుండానే ఒక టమాట, పసుపు, ఉప్పు, ఐదు గ్లాసుల నీళ్ళు. పైన జల్లెడ గిన్నెలో రెండు కోడిగుడ్లు పెడితే అవీ ఉడుకుతాయి. టమాటను గరిటెతో నలిపేస్తే సరి.

రొయ్యల పొడి: బాగున్న రోజు చేసి దాచుకునేది. ఎండు రొయ్యలు, ఎండుమిర్చి, ఎల్లిపాయ వేయించి మిక్సీ పట్టి సీసాలో పెట్టాలి. వేడన్నంలో ఒక్క చెంచా చాలు. అమ్మ అయితే ఎండు తునకలు తెస్తుంది. వాటి ముచ్చట మూడో భాగంలో రాశాను. ఈ వాసనల వల్లే నేను ఈ చుట్టుపక్కల మూడు ఇళ్ళు మారాను. "ఏం తింటరమ్మా మీరు" అని అడిగే ఓనర్లకు కావాల్సింది మెనూ కాదని మనకు తెలుసు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు మనం తిండి హక్కు కోసం నిలబడ్డాం. జబ్బు మనిషికి ఆ హక్కు ఇంకో రకంగా అర్థమవుతుంది. నిలవ ఉండేది, బలమిచ్చేది, వండాల్సిన పని లేనిది ఆ డబ్బాలో ఉంటుంది. కిటికీలు మూసుకుని దాన్ని తెరవాల్సి రావడం ఒంట్లో బాగాలేని రోజు రెండింతలు బాధ.

సద్దన్నం గురించి ఒక జాగ్రత్త. మనందరికీ ఇష్టమే. కానీ నాలాగా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు రాత్రంతా బయట పెట్టిన అన్నం తినకూడదు. వండిన అన్నం వెచ్చగా బయట ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవి విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వండిన గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు తాజా పెరుగు కలుపుకోండి. అవ్వల నాటి రుచి కొంచెం తగ్గుతుంది, పర్వాలేదు.

ఇవేవీ కాకపోతే కర్రీ పాయింట్. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు ఎంతమంది కర్రీ పాయింట్ల మీద బతికి ఉద్యోగాలు తెచ్చుకున్నారో! గదిలో అన్నం పడేసి, కవర్లో పప్పు తెచ్చుకోవడం మన తరానికి కొత్త కాదు. మా సందు చివర ఒక అక్క నడుపుతుంది. నా చేతులు చూసి ఇప్పుడు కవరుకు ముడి వేయదు, రబ్బరు బ్యాండు వదులుగా చుట్టి ఇస్తుంది. ఇంట్లో వండలేదని తప్పు చేసినట్టు అనుకోవడం నేను మానేశాను. ఆమెకూ నాలుగు డబ్బులు, నాకూ పప్పన్నం. మ్యాగీ తిన్న రోజు కూడా ఉంది. తినకుండా పడుకోవడం కంటే మేలే.

వంటింట్లో ఇంకో మార్పు చేశాను. అవ్వ పీట మీద కూర్చుని కట్టెల పొయ్యి మీద వండేది. పట్నం ఇళ్ళల్లో గట్టు కట్టి మనల్ని నిలబెట్టారు. నాకు కింద కూర్చుంటే లేవరాదు, గట్టు ముందు నిలబడరాదు. ఎత్తు స్టూలు ఒకటి తెచ్చుకున్నాను. పొద్దున ముందుగా గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పది నిమిషాలు చేతులు పెట్టి, నీళ్ళలోనే వేళ్ళు మెల్లగా మడిచి తెరుస్తాను. ఆ తర్వాతే ఏ పనైనా.

మందుల గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది ప్రాణం సంగతి. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలు పోతాయి. నేను శనివారం రాత్రి అని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టుకుంటాను. డాక్టర్ రాసిన ఫోలిక్ యాసిడ్, చెప్పినప్పుడల్లా రక్త పరీక్షలు మానకూడదు. కడుపు నిలబడాలనుకునే ఆడవాళ్ళు ముందే డాక్టర్‌కు చెప్పాలి. మందు వేసుకున్న మర్నాడు నాకు కడుపులో తిప్పుతుంది. అందుకే ఆదివారం అటుకులు, మజ్జిగ. ఇదంతా తిండితో పోయే జబ్బు కాదు. ఫలానా కషాయం తాగితే కీళ్ళవాతం మాయం అనే వీడియోలు నాకు పంపకండి, దండం పెడతాను.

ఇప్పుడు అసలు వాదన. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే పార్లర్ల బోర్డులు కనిపిస్తాయి. "సెల్ఫ్ కేర్" అంటే అక్కడ ఫేషియల్ ప్యాకేజీ. అది చూసి మన ఉద్యమాల్లో ఉన్నవాళ్ళం ఆ మాటనే పక్కన పెట్టాం, అదేదో డబ్బున్నోళ్ళ ముచ్చట అని. ఆ మాటకు పోరాటంలో చోటు ఇచ్చిన ఆడ్రీ లార్డ్ నల్లజాతి కవి. 1988లో "ఎ బర్స్ట్ ఆఫ్ లైట్" పుస్తకం వచ్చేనాటికి ఆమె కాలేయానికి పాకిన క్యాన్సర్‌తో బతుకుతోంది. టీషర్టుల మీదికి మాట వచ్చింది, ఆ మనిషి జబ్బు రాలేదు.

అంత దూరం ఎందుకు, బాబాసాహెబ్‌ను చూద్దాం. మన గోడల మీద ఆయన ఎప్పుడూ నీలం కోటులో నిటారుగా నిలబడి ఉంటారు. ఆ మనిషి చివరి ఏళ్ళు చక్కెర జబ్బుతో, కాళ్ళ నొప్పులతో గడిచాయి. 1951 ఆగస్టులో నెహ్రూకు రాసిన ఉత్తరంలో తన ఆరోగ్యం గురించి డాక్టర్లు కంగారు పడుతున్నారని, చికిత్సకు పోయేముందే హిందూ కోడ్ బిల్లు పని పూర్తి కావాలని రాశారు. బిల్లు సాగలేదు, సెప్టెంబరులో రాజీనామా చేశారు. తర్వాత ఐదేళ్ళకు "బుద్ధుడు – ఆయన ధమ్మం" కోసం రాసుకున్న ముందుమాటలో తన భార్య డాక్టర్ సవిత, డాక్టర్ మాల్వంకర్ చేసిన వైద్యం వల్లే నిలబడ్డానని కృతజ్ఞత చెప్పారు. ఆయన పోయాక 1957లో వచ్చిన మొదటి అచ్చులో ఆ ముందుమాట లేదు.

ఆయన రాత్రంతా మేలుకుని చదివారని ప్రతి సభలో చెప్తాం. ఆయనకు మందులు వేళకు ఇచ్చి, పథ్యం చూసిన మనిషి ఒకరున్నారని, ఆ చాకిరీ లేకపోతే ఆ పుస్తకం మన చేతికి వచ్చేది కాదేమో అని ఎప్పుడూ చెప్పం. నిద్రపోకపోవడమే అంబేద్కరిజం అన్నట్టు పిల్లలకు నేర్పుతున్నాం. అది విని ఒళ్ళు విరుచుకుని పడిపోయిన పిల్లలు నా క్లాసుల్లో ఉన్నారు.

చట్టం కూడా మనల్ని సరిగ్గా చూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. మన ఆదివాసీ పిల్లల్లో కనిపించే సికిల్ సెల్ అందులో ఉంది, ఉన్నవాళ్ళు తప్పకుండా అడిగి తీసుకోండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ పేరు లేదు. కీళ్ళు వంగిపోయి, కదలిక తగ్గి, కొలిస్తే 40 శాతం తేలితేనే చట్టం ఇచ్చే ముఖ్యమైన రాయితీలు. అంటే వంగిపోకుండా మందులు వాడుకుంటూ పనిచేసేవాళ్ళకు ఏ కాగితమూ లేదు. వంగిపోయినవాళ్ళలో కాగితం అడగడం తెలియనివాళ్ళు మా అమ్మలాంటివాళ్ళు.

అమ్మ వేళ్ళు చిటికెనవేలి వైపుకు వాలిపోయి ఉంటాయి. మందు లేక ఏళ్ళు గడిచిన ఈ జబ్బులో చేతులు అట్లా మారతాయని నాకు పుస్తకాల్లో తెలుసు, ఆసుపత్రి వరండాలో తెలుసు. నా చిన్నప్పటినుంచి అన్నం కలిపి పెట్టిన చేతిలో మాత్రం చూడలేదు. నాట్లు వేసీ వేసీ అట్లా అయ్యాయని అనుకున్నాను. అది నిజంగా ఈ జబ్బేనో కాదో పరీక్షలు చేస్తే గానీ తెలియదు. కుటుంబాల్లో నడిచే అవకాశం ఉన్న జబ్బని డాక్టర్లు చెప్తారు. ఇన్నేళ్ళూ ఆమెకు దొరికిన వైద్యం ఊళ్ళో సూది, నొప్పుల గోలీ.

బుధవారం నిమ్స్‌కు పోదామన్నాను. అక్కడ కీళ్ళ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది, నేనూ అక్కడికే పోతాను. ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ పోయే మెట్రోలో ఎక్కితే రైలు మారకుండా పంజాగుట్టలో దిగొచ్చు, లిఫ్టు ఉంటుంది.

"ఇప్పుడేందుకు బిడ్డా. వంగినయి వంగినయి."

"వంగినయి మళ్ళ నిలవడయి. నొప్పి తగ్గిస్తరు. ఇంక వంగకుంట చూస్తరు."

"నాట్లు అయినంక చూద్దాం."

"అమ్మా, నువ్వు నాట్లకు పోక ఐదేండ్లాయె."

ఇద్దరం నవ్వుకున్నాం. ఒప్పుకోలేదు, కాదనలేదు. ఊరికి పోతానన్న మాట మాత్రం రెండు రోజుల నుంచి ఎత్తడం లేదు. ఎల్లుండికి పోదామని నేను అనుకుంటున్నాను. ఆ రోజు నాకు రెండు పీరియడ్ల కూలి పోతుంది. పోనీ.

నిన్న పొద్దున రెండు గిన్నెల్లో వేడినీళ్ళు పెట్టాను. ఒకటి నాకు, ఒకటి ఆమెకు. నీళ్ళలో వేళ్ళు మడిచి తెరవడం చూపించాను. "ఇదేం పని, పొద్దుగాల్నే కూసుండుడు" అని గొణిగింది. ఐదు నిమిషాల తర్వాత గొణుగుడు ఆగింది. పది నిమిషాలైనా చేతులు బయటికి తీయలేదు.

నా విద్యార్థులకు ఒక పని. అసైన్‌మెంట్ కాదు, మార్కులు లేవు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ అమ్మను, అవ్వను అడగండి: చేతకాని పూట నువ్వు మాకు ఏం వండేదానివి? ఏ నెలల్లో? అప్పుడు నీకు ఎక్కడ నొప్పి ఉండేది? చెప్పింది చెప్పినట్టు రాసి కింద పెట్టండి. వంటకం పేరు ఒక్కటే కాదు, ఒంటి సంగతి కూడా రాయండి. నా థీసిస్‌లో వదిలేసిన అధ్యాయం అదే. ఒక్కదాన్ని రాయలేను, చేతులూ సరిగ్గా లేవు.

మీలో ఎవరికైనా పొద్దున గంటకు మించి వేళ్ళు బిగుసుకుపోయి, కణుపులు వాచి, ఆరు వారాలు దాటినా తగ్గకపోతే నొప్పుల గోలీతో సరిపెట్టుకోకండి. కీళ్ళ డాక్టర్‌కు చూపించుకోండి. తొందరగా మందు మొదలుపెడితే కీళ్ళు నిలుస్తాయి. మా ఇంట్లో ఒకే పొయ్యి ముందు రెండు జతల చేతులున్నాయి. తేడా మీకు కావాలంటే చూపిస్తాను.

వచ్చే ఆదివారం పోస్టు వస్తే వస్తుంది. రాకపోతే ఆ పూట అటుకులు తిని పడుకున్నానని అనుకోండి.

జై భీమ్.